వానల్లో, పొగమంచులో తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ కన్నా గేర్‌ని నమ్ముకోండి

మన తిరుపతిలో రోడ్డు మీద ఐస్ గడ్డకట్టేది లేదు గానీ నవంబర్ నుంచి జనవరి దాకా కొండ రోడ్డు దానికేం తక్కువ కాదు. మనకి గట్టి వానలు పడేదే ఈశాన్య రుతుపవనాల్లో, ఆ తడి ఆరకముందే పొగమంచు దిగేస్తుంది, ఇంక టైర్లు అరిగిపోయిన బండి అయితే చెప్పక్కర్లేదు. కొండకి పోయేముందు టైర్ గాడి చూసుకోండి, 1.6 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే రూల్ ప్రకారమే ఆ టైర్ పనికిరాదు, నన్నడిగితే అంతదాకా కూడా ఆగొద్దు. వైపర్ రబ్బర్లు కూడా మార్చేయండి, ఖర్చు తక్కువే.

ఎక్కేటప్పుడు పెద్ద కష్టం లేదు, ఎక్కడానికి విడిగా ఉన్న దావ, అప్ ఘాట్, వెడల్పుగానే ఉంటుంది. అసలు కత అంతా దిగేటప్పుడే. దిగే దావ డౌన్ ఘాట్, 1944లో వేసిన పాత దావ, 36 హెయిర్‌పిన్ మలుపులు, దాదాపు 19 కిలోమీటర్లు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని రూల్. లెక్కేస్తే గంటకి 28 కిలోమీటర్లు, అంతే. కొంతమంది పైనంతా జుయ్యిమని దిగేసి కింద టైమ్ కోసం బండి పక్కన పెట్టుకోని కూర్చుంటారు, అదేం తెలివో నాకైతే అర్థం కాదు.

దిగడం మొదలుపెట్టక ముందే సెకండ్ గేర్‌లో వేసుకోండి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంజనే బండిని పట్టుకుంటుంది. ఏ గేర్‌లో ఎక్కుతామో ఆ గేర్‌లోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది ఊరికే కాదు. ఆటోమేటిక్ బండి అయితే డి లో వదిలేయకుండా ఎల్ లోనో 2 లోనో పెట్టండి, లేదంటే మాన్యువల్ మోడ్. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం, క్లచ్ తొక్కిపెట్టి దిగడం అసలొద్దు, ఇంజన్ ఆఫ్ చేశారా బ్రేక్ తొక్కడానికి సాయం చేసే బూస్టర్ పోతుంది, పెడల్ రాయిలాగా బిగుసుకుంటుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. పొద్దాకా బ్రేక్ మీద కాలు పెట్టుకోని దిగితే ప్యాడ్లు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ వాసన వచ్చినాక కూడా దిగుతా పోతే బ్రేక్ ఆయిల్ మరిగి పెడల్ కిందికి పోతుంది గానీ బండి ఆగదు. వాసన వస్తే వెడల్పు ఉన్న చోట పక్కన పెట్టి చల్లారనివ్వండి, డిస్కుల మీద నీళ్ళు మాత్రం పోయొద్దు. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటుంటే ముందే మార్పించుకోండి, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరిన ఆయిల్ తొందరగా మరుగుతుంది. తడి రోడ్డు మీద బ్రేక్ కొట్టాలంటే మలుపుకి ముందు, చక్రాలు నేరుగా ఉన్నప్పుడే. మలుపు తిరగతా తిరగతా కొడితే బండి జారుతుంది.

పొగమంచులో హై బీమ్ వేస్తే వెలుగంతా వెనక్కి కొట్టి ముందర తెల్ల గోడే కనిపిస్తుంది, లో బీమ్, ఫాగ్ ల్యాంప్ ఉంటే అది, చాలు. నడిచే బండికి నాలుగు ఇండికేటర్లు వేసేవాళ్ళున్నారు చూడండి, వెనకాలోడికి మీరు ఆగినారో పోతా ఉండారో ఎట్ల తెలుస్తుంది? ఆగినప్పుడే వేయండి. అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తా కూర్చోకుండా ఏసీ వేసి గాలి ముందద్దం మీదికి తిప్పండి, లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ ఆఫ్ చేయండి. కనిపించే దూరంలో ఆపుకోగలిగే స్పీడ్ దాటొద్దు.

వాన తగ్గిందని కొండచరియ కింద బండి ఆపి సెల్ఫీలు దిగడం మానేయండి. 2021 నవంబర్‌లో కుండపోత వానలు పడినాక, డిసెంబర్ 1న, అప్ ఘాట్‌లో పెద్ద పెద్ద బండరాళ్ళు రోడ్డు మీద పడి ఆ దావ మూసేసినారు. నీళ్ళు సందుల్లో దిగడంతో వాన నిలిచిన తర్వాత కూడా రాళ్ళు జారతా ఉంటాయి.

బైక్ వాళ్ళకి ఒక మాట, తడి ఆకుల మీద ఒక్క ముందు బ్రేకే గట్టిగా పట్టొద్దు, రెండూ కలిపి మెల్లిగా పట్టండి. రాత్రి పూట బైకులు వదలరు, టైమింగ్స్ మారుస్తా ఉంటారు కాబట్టి అలిపిరిలో కనుక్కోని పోండి. ఇంక తిరుపతి-మదనపల్లె రోడ్డులోని భాకరాపేట ఘాట్ లాంటి చోట ఎదురు బండ్లు వస్తాయి, అక్కడ ఇరుకైతే ఎక్కే బండికి దిగేవాళ్ళే దావ ఇవ్వాలి, మలుపు మలుపుకీ హారన్ కొట్టండి.