ఆది తాళానికి 24 సెంటీమీటర్లు: క్యాసెట్ టేపు, ఆసిలేటర్‌తో సంగీతం చేయడం

అటక మీద పాత టూ-ఇన్-వన్ (రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసి ఉండే సెట్టు) ఉంటే తూకానికి అమ్మేయకండి, దించండి. చాలావాటిలో పోయేది లోపలి రబ్బరు బెల్టే, అది మారిస్తే మళ్ళీ తిరుగుతాయి. నాది కావలిలో ఒక రేడియో రిపేరు ఆయన బాగుచేశాడు. దీంతో ఇప్పుడు ఏం పాటలు వింటావని అడిగితే, వినడానికి కాదు, టేపు కోసి అతికించడానికి అన్నాను. "బాగుండేదాన్ని ఎందుకు సామీ కోసేది?" అన్నాడు. డబ్బులు తీసుకున్నాక కూడా నా వైపు ఒకసారి అనుమానంగానే చూశాడు.

కోయడమే ఇక్కడ అసలు పని. సింథసైజర్లు రాకముందు, అంటే 1950ల్లో, ఇలా టేపు మీద ఎలక్ట్రానిక్ సంగీతం చేసినవాళ్ళు రేడియో స్టేషన్లలో పరికరాల పరీక్షకు వాడే ఆసిలేటర్లనే (ఒకే స్థాయి శబ్దాన్ని ఆగకుండా ఇచ్చే సర్క్యూట్లు) వాయిద్యాలుగా పట్టుకున్నారు. జర్మనీలో కొలోన్ రేడియో స్టూడియోలో సంగీతకర్త స్టాక్‌హౌజెన్ 1954లో ఉత్త సైన్ వేవ్‌లు (వేరే స్వరమేదీ కలవని నున్నటి శబ్దాలు) టేపుకెక్కించి, కోసి, అతికించి ఒక రచన మొత్తం చేశాడు. బీబీసీలో డెలియా డెర్బీషైర్ 1963లో 'డాక్టర్ హూ' టీవీ సీరియల్ టైటిల్ సంగీతాన్ని డిక్ మిల్స్ సాయంతో ఒక్కో స్వరం ఒక్కో టేపు ముక్కగా కోసి వరసగా అతికించింది. బాణీ రాన్ గ్రేనర్‌ది, వినిపించేదంతా ఆమె బ్లేడు పనితనం. మన దేశంలోనూ 1969లో అహ్మదాబాద్ ఎన్‌ఐడీకి (డిజైన్ నేర్పే జాతీయ సంస్థ) అమెరికన్ సంగీతకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశాడు, గీతా సారాభాయ్ లాంటి సంగీతకారులు అక్కడ పనిచేశారు. మూగ్ మాట మనకెందుకులెండి, మన దగ్గరున్నది టూ-ఇన్-వన్.

ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే టేపు మీద కాలాన్ని స్కేలుతో కొలవొచ్చు. 3 సెంటీమీటర్లు ఒక అక్షరం (తాళంలో ఒక దెబ్బ) అనుకుంటే అది 0.63 సెకను, అంటే తీరిగ్గా తాళం వేసే వేగం. 8 అక్షరాల ఆది తాళం ఒక ఆవర్తం, అంటే ఒక చుట్టు, 24 సెంటీమీటర్లు, ఐదు సెకన్ల పైన ఒక పిసరు. క్యాసెట్ డబ్బాలో లూపుగా (చివరలు కలిపి అతికించి, ఆగకుండా తిరిగే చుట్టగా) పట్టే పొడవు కూడా దాదాపు అంతే కావడం మన అదృష్టం. చేతి మీద తాళం వేయడం వచ్చినవాళ్ళకు ఈ పనిలో సగం వచ్చినట్టే, మిగతా సగం బ్లేడు.

ముందు ఆసిలేటర్. 555 ఐసీ (ఎనిమిది కాళ్ళ టైమర్ చిప్) ఒకటి, బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చే పలక), 9 వోల్టుల బ్యాటరీ, 1కె (1,000 ఓమ్) రెసిస్టర్లు, 100కె పాట్ (తిప్పితే రెసిస్టెన్స్ మారే గుండీ), 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కావాలి. ఒకటో కాలు నెగెటివ్‌కి, నాలుగు, ఎనిమిది పాజిటివ్‌కి. ఎనిమిదికీ ఏడుకీ మధ్య ఒక 1కె పెట్టండి. ఏడుకీ ఆరుకీ మధ్య ఇంకో 1కె, దానికి వరసగా పాట్. రెండూ ఆరూ కలిపేసి అక్కడి నుంచి కెపాసిటర్ నెగెటివ్‌కి. శబ్దం మూడో కాలు నుంచి వస్తుంది. పాట్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే సుమారు 70 హెర్ట్జ్ నుంచి 4,800 దాకా పోతుంది. మూడో కాలును నేరుగా మైక్ జాక్‌లో పెట్టకండి, అది చాలా పెద్ద సిగ్నల్. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా తీసి, లైన్ ఇన్ ఉంటే 10కె, 1కెతో తగ్గించండి (10కె వరసలో, 1కె నెగెటివ్‌కి). మైక్ అయితే 100కె, 100 ఓమ్. ఏ జాకూ లేని సెట్టు అయితే ఆసిలేటర్‌కి చిన్న స్పీకరు కట్టి సెట్టు మైకు ముందు పెట్టేయడమే.

555 ఇచ్చేది గరగరలాడే పల్స్, కొలోన్ వాళ్ళ నున్నటి సైన్ కాదు. నున్నగా కావాలంటే ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వాడండి, అందులో తప్పేం లేదు. కానీ నాకు 555 గరగరే ఇష్టం. ఇలాంటివి రెండు చేసి ఒకటి 220 దగ్గర, ఇంకోటి 223 దగ్గర పెడితే సెకనుకు మూడుసార్లు ఊగుతూ ఒక అల లేస్తుంది. తంబురా శ్రుతి చేసేటప్పుడు తీగలు కలవబోతూ ఊగే ఊపు ఉంటుంది కదా, అదే. శ్రుతి కలిపేయాలని చేయి పాట్ మీదకు పోతుంది, ఆపుకోండి.

రెండో శబ్దం బయట నుంచి తెద్దాం. 1948లో పారిస్‌లో సంగీతకర్త పియరీ షాఫెర్ ఇలాంటి పనిని రైలింజన్ల శబ్దాలతో మొదలుపెట్టాడు, అదీ టేపు మీద కాదు, గ్రామఫోన్ డిస్కుల మీద. మనకు ఒకప్పుడు బొగ్గింజన్ల షెడ్డున్న బిట్రగుంట పక్కనే ఉన్నా, నేను రైలు జోలికి పోలేదు. కావలి నుంచి సముద్రం వైపు వెళ్తే రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతుంటాయి. తెడ్లు నీళ్ళను కొట్టే చప్పుడు దూరం నుంచి ఒకటే హోరు, గట్టు మీద కూర్చుంటే మాత్రం దానికో లయ ఉంటుంది, రెండు ఏరేటర్ల లయలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. ఫోన్‌లో పది నిమిషాలు తీసుకొచ్చాను. కాపలా ఉన్నాయన్ని ముందే అడగండి, రాత్రిపూట గట్ల మీద తిరిగేవాళ్ళను ఊరికే వదలరు.

ఇక టేపు. డబ్బాకు ఐదు స్క్రూలున్న క్యాసెట్లే తీసుకోండి, అతికించేసిన డబ్బాలు విప్పితే పగులుతాయి. పైన వెనకంచున చిన్న ప్లాస్టిక్ చెవి విరిచేసి ఉంటే రికార్డు బటన్ దిగదు, ఆ గుంత మీద టేపు ముక్క అంటిస్తే దిగుతుంది. ఒక్కో శబ్దాన్ని పది సెకన్లకు తగ్గకుండా రికార్డు చేయండి. పది సెకన్లంటే 47 సెంటీమీటర్ల పైనే, కాబట్టి ఎక్కడ మొదలైందో వెతుక్కోకుండా మధ్యలోంచి కావలసినంత కోసుకోవచ్చు.

కోసే ముందు ఫ్యాన్ ఆపండి. ఇది నవ్వులాట కాదు, 4 మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని టేపు గాలికి లేచి ఎక్కడ పడిందో కనపడదు, నేను ఒకసారి మంచం కింద అరగంట వెతికాను. నెల్లూరు ఎండల్లో ఫ్యాన్ లేకుండా కూర్చోవాలంటే తెల్లవారుజామే దిక్కు. స్టీలు స్కేలు బల్లకు అంటించి, దాని పక్కన టేపు పరిచి, వెనక వైపు మార్కర్‌తో నడిచే దిక్కుకు బాణం గుర్తు వేయండి. ఈ బాణం మర్చిపోతే ముక్కను తలకిందులుగా అతికిస్తారు, ఇక అది మూగ. క్యాసెట్టు రెండో వైపుకు తిప్పితే మాత్రం మాట్లాడుతుంది, ఎందుకంటే రెండు వైపుల ట్రాకులూ అదే టేపు మీద పైనా కిందా ఉంటాయి.

ఆది తాళంలో నాలుగు అక్షరాల లఘువు ఒకటి, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు. నా ఆవర్తం ఇది: లఘువుకు 12 సెంటీమీటర్లు, ఊగే ఆసిలేటర్ల జంట. మొదటి ద్రుతానికి 6, హెచ్చు స్థాయిలో ఒకే ఆసిలేటర్. రెండో ద్రుతంలో 3 సెంటీమీటర్లు ఏమీ లేని టేపు, మిగతా 3 బాగా కింది స్థాయి శబ్దం. నాలుగు ముక్కలు, నాలుగు అతుకులు. చివరలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి కొత్త బ్లేడుతో 45 డిగ్రీల ఏటవాలుగా ఒకేసారి కోయండి, పైన మిగిలిన తునకలు తీసేస్తే రెండు అంచులు సరిగ్గా ఆనతాయి. నిలువుగా కోస్తే శబ్దం మారేచోట టక్కుమంటుంది, ఏటవాలు కోతలో ఒకటి తగ్గుతూ ఇంకోటి వస్తుంది. అంటించే పట్టీ హెడ్డుకు (సెట్టులో టేపును చదివే భాగం) తగిలే వైపు కాకుండా వెనక వైపే ఉండాలి, టేపు అంచు దాటకూడదు. అతుకు ఎక్కువైతే మందమై ఇరుక్కుంటుంది, అందుకే నాలుగుతో ఆపాను.

లూపును డబ్బాలో రెండు మూలల రోలర్లకూ ఒక చక్రానికీ చుట్టూ తిప్పాలి. ఏ డబ్బాకు ఎంత పడుతుందో ముందు దారంతో చూసుకోండి, 24కి కాస్త అటూ ఇటూ వస్తే ఖాళీ ముక్కలో సర్దండి. బిగుతుగా ఉంటే స్వరం వణుకుతుంది, మరీ వదులైతే పించ్ రోలర్ (టేపును లాగే రబ్బరు చక్రం) నమిలేస్తుంది.

ప్లే నొక్కి ఆవర్తం తిరగడం మొదలయ్యాక ఏరేటర్‌ని దాని మీద ఎక్కించాలి. మామూలుగా రికార్డు చేస్తే పాతదంతా చెరిగిపోతుంది, కాబట్టి పాతదాన్ని చెరిపే ఎరేజ్ హెడ్‌కీ టేపుకీ మధ్య చిన్న అట్టముక్క అడ్డం పెట్టండి. చవక సెట్లలో హెడ్ బదులు చిన్న అయస్కాంతం ఉంటుంది, దానికి అట్ట చాలదు, ముందుకు రాకుండా దారంతో వెనక్కి కట్టేయాలి. ఇలా ఎక్కించిన ప్రతిసారీ కింద ఉన్నది కొంచెం చెరుగుతుంది, ముఖ్యంగా పై స్థాయి. అయిదారుసార్లు ఎక్కించాక నా ఆసిలేటర్ల జంట చెరువు అవతలి గట్టు మీద ఎక్కడో మోగుతున్నట్టు వినపడింది. అది అనుకుని చేసింది కాదు, కానీ ఇప్పుడు కావాలనే చేస్తున్నాను.

బాగా వచ్చింది అనిపించిన రోజే ఫోన్‌లోకో కంప్యూటర్‌లోకో ఎక్కించుకోండి. నా మొదటి లూపు మామూలు సెల్లోటేపుతో అతికించింది, రోహిణి కార్తెలో జిగురు కారి హెడ్డుకు పట్టేసింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు తీసుకుని హెడ్డు తుడుచుకుంటూ కూర్చున్నాను. లూపు మాత్రం మళ్ళీ దక్కలేదు.