రైలు వచ్చాక పేట జనం ఎలా మారారో తెలుసుకోవడం ఎలా

పట్టణ రైలు ఒక పేట జనాన్ని ఎలా మారుస్తుందో పరిశీలించదలచినవారు మొదటి రైలు కదిలే రోజు దాకా ఆగకూడదు. స్టేషన్ ఎక్కడ కడతారో ప్రకటించగానే భూమి ధర, దాని వెనుకే అద్దె కదలడం మొదలవుతుంది కాబట్టి, ప్రకటనకు ముందున్న లెక్కలను ముందుగా సేకరించాలి.

పటంలో స్టేషన్ చుట్టూ 800 మీటర్ల వ్యాసార్ధంతో, అంటే సుమారు పది నిమిషాల నడక దూరంతో, ఒక వృత్తం గీయండి. తరువాత స్వయంగా నడిచి దాన్ని సరిదిద్దండి. మధ్యలో ఒక ప్రహరీ గోడ అడ్డుంటే చాలు, పటంలో పక్కనే కనిపించే ఇల్లు కాలినడకకు దూరమైపోతుంది. ఆదాయంలోనూ ఇళ్ల వయసులోనూ ఇలాంటిదే అయి, రైలు రాని మరో పేటను పోలికకు తీసుకోండి. లేకపోతే నగరమంతటా పెరిగిన అద్దెను రైలు ఖాతాలో వేసేస్తారు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త సగటు ఆదాయం దగ్గర కావాలి. అది పెరిగిందంటే ఉన్నవారే బాగుపడ్డారో, వారు ఖాళీ చేసి వెళ్తే సంపన్నులు వచ్చారో ఆ అంకె చెప్పదు. 1964లో సామాజిక శాస్త్రవేత్త రూత్ గ్లాస్ లండన్ కార్మికుల పేటల్లోకి మధ్యతరగతి వచ్చి చేరడాన్ని చూసి ‘జెంట్రిఫికేషన్’ అన్న మాట పుట్టించింది ఈ రెండో మార్పుకే. ధర పెరిగితే ఇంటి యజమానికి ఆస్తి పెరుగుతుంది, అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చేయాల్సి రావచ్చు. అందుకే వీరిద్దరినీ వేర్వేరుగా లెక్కించాలి. ఆరు నెలలకొకసారి అదే మలుపులో నిలబడి దుకాణాల ఫొటోలు తీయండి. కుట్టుమిషను పెట్టుకున్న అరుగు మూతపడి అద్దాల తలుపు వచ్చిందంటే, ఆ కుట్టుపనివారూ వారి ఖాతాదారులూ ఎటు వెళ్లారో అడగవలసిన సమయం వచ్చినట్లే.

కారణాన్ని రైలు మీదే మోపకండి. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని కొలంబియా హైట్స్ అనే పేటకు 1999లో మెట్రో స్టేషన్ వచ్చింది, ఆ తరువాతి దశాబ్దంలో అక్కడ నల్లజాతివారి వాటా తగ్గింది. అయితే అదే కాలంలో స్టేషన్ పక్కన కొత్త అపార్ట్‌మెంట్లూ, 2008లో ఒక పెద్ద వాణిజ్య సముదాయమూ వెలిశాయి. అందుకే మీ పేటలో నిర్మాణ అనుమతుల నిబంధనలు ఏ ఏడాది సడలాయో కూడా రాసిపెట్టుకోవాలి.

చివరగా, వెళ్లిపోయినవారిని వెతకండి. చాలామంది పరిశోధకులు వదిలేసే పని ఇదే, నా దృష్టిలో అత్యంత విలువైనదీ ఇదే. వారి కొత్త ఇంటికి స్టేషన్ ఎంత దూరమో, పనికి చేరడానికి ఇప్పుడు ఎన్ని నిమిషాలు పడుతుందో అడిగి, ఆ ఇళ్లను కూడా మీ పటంలో గుర్తించండి.