కట్టెల అడితిలో నేర్చుకున్న నెగడు

చలికాలంలో లంబసింగికో మారేడుమిల్లికో వచ్చే కుర్రకారు నెగడు వేసే తీరు ఒక్కటే. మోపెడు కట్టెలు ఒకచోట కుప్ప పోస్తారు, బండిలోంచి పెట్రోలు తీసి ఒంపుతారు, అగ్గిపుల్ల గీసి విసురుతారు. భగ్గుమంటుంది, ఫొటోలు దిగుతారు. పెట్రోలుతో పాటే మంటా అయిపోతుంది. ఇక రాత్రంతా కళ్లు నులుముకుంటూ అట్టముక్కలతో విసురుకోవడమే. పైగా కట్టెలు మంచివి కావని తిట్టడం! కట్టెల తప్పేమీ లేదండీ. ఏరుకోకుండా, చీల్చుకోకుండా అగ్గిపెట్టె తీశారు, అంతే. నెగడు పనిలో ముప్పావు వంతు అగ్గిపుల్ల గీయకముందే అయిపోవాలి.

మా నాన్నది రాజమండ్రిలో కట్టెల అడితి. కట్టె తూకానికి అమ్ముతారు కాబట్టి పచ్చిది కలిస్తే కొన్నవాడు నీళ్లకు డబ్బులిచ్చినట్టే. హోటళ్లవాళ్లు కాటా దగ్గర నిలబడి ఒక్కో కట్టెనీ తిప్పి చూసేవారు. ఆ చూపు మీకూ కావాలి. రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండువైతే ఖంగుమంటాయి, పచ్చివైతే దబ్బుమని ఊరుకుంటాయి. కోసిన చివర చూడండి, ఎండిన కట్టెకి నడిమి నుంచి అంచుల దాకా నెర్రెలుంటాయి. బెరడు గోటితో లాగితే ఊడొస్తుంది. సన్న పుల్లకి ఇంత పరీక్ష అక్కర్లేదు, విరవండి. ఠప్పున విరిగితే ఉంచుకోండి, వంగి నార సాగితే అవతల పడేయండి.

ఎందుకింత పట్టుదల అంటారా? లెక్క చెబుతాను. బాగా ఎండిన కిలో కట్టెలో సుమారు 4,000 కిలోకేలరీల వేడి ఉంటుంది. అయిదు లీటర్ల నీళ్లు మరగాలంటే 375 కావాలి. అంటే మన పొయ్యి పదోవంతు వేడిని మాత్రమే గిన్నెకి అందించినా, కిలో కట్టెతో అయిదు లీటర్లు మరుగుతాయి. పచ్చి కట్టెలో దాదాపు సగం బరువు నీరే. కిలో పచ్చి కట్టె వేస్తే అందులో కట్టె అరకిలోనే, మిగతా అరకిలో నీటిని ఆవిరి చేయడానికే 300 కిలోకేలరీలు పోతాయి. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే ఆ ఆవిరి మంటని చల్లబరుస్తుంది. కట్టెలోంచి వచ్చే వాయువులు కాలకుండానే పైకి పోతాయి. మీ కళ్లు మండించే పొగ అదే, కాలవలసిన కట్టె కాలకుండా గాలిలో కలిసిపోవడం.

చోటు సంగతి ముందే తేల్చుకోండి. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యాల్లో, పాపికొండల వంటి జాతీయ పార్కుల్లో వన్యప్రాణి చట్టం కూడా తోడవుతుంది. కాబట్టి ఎవరి స్థలమో వాళ్లని అడిగి, క్యాంపు సైటులోనో తోటలోనో పొలంలోనో వేసుకోండి. ఫిబ్రవరి దాటి ఆకు రాలడం మొదలైతే అక్కడా వద్దు. కార్తీక మాసం నుంచి భోగి దాకా మన నెగళ్ల కాలం, అది చాలు.

దొరికిన స్థలంలో బారెడు వెడల్పున ఆకు, అలం, గడ్డి అంతా ఊడ్చి మట్టి కనిపించేదాకా గీకేయండి. నేల మెత్తగా, కుళ్లిన ఆకుతో నల్లగా ఉంటే ఆ చోటు వదిలేయండి, నిప్పు లోలోపలే రాజుకుంటూ పోయి రెండో రోజు ఇంకోచోట పైకి లేస్తుంది. చెట్టు వేళ్ల మీదా వద్దు. వనభోజనాలకని ఉసిరి చెట్టు మొదట్లోనే పొయ్యి పెట్టేవాళ్లున్నారు. చెట్టు కింద విస్తరి వేయండి గానీ పొయ్యి మాత్రం దూరంగా పెట్టండి. వాగులోంచి తెచ్చిన గుండ్రాళ్లు పొయ్యికి వాడకండి. లోపలికి ఇంకిన నీరు ఆవిరై రాయి ఢామ్మని పగులుతుంది.

ఇక కట్టె రకాలు. నన్నడిగితే నిప్పుకి తుమ్మ తర్వాతే ఏదైనా. నల్లతుమ్మ నిదానంగా కాలి, గంటల తరబడి నిలిచే కణికలు ఇస్తుంది. అందరూ తిట్టుకునే సర్కారు తుమ్మ కూడా అంతే, ముళ్లు చూసుకుంటే చాలు, పైగా దాన్ని ఎంత కొట్టినా ఎవరికీ బాధ లేదు. చింత వేడి భయంకరం, కానీ చీల్చేవాడి రెక్కలు పడిపోతాయి. సముద్రం వైపు సరుగుడు దొరుకుతుంది, అది కొంచెం పచ్చిగా ఉన్నా కాలుతుంది. మామిడి మధ్యస్థం. మునగ, బూరుగు లాంటివి కాలాయంటే కాలాయి, నిప్పు మిగలదు. కొబ్బరి మట్ట, తాటాకు మంట లేపడానికి మాత్రమే. వేప పొగ దోమలకి మంచిదే, అన్నం పొయ్యిలో వద్దు.

కొన్నింటి జోలికే పోవద్దు. గన్నేరు ఆకు, పుల్ల, పొగ అన్నీ విషమే, దాని పుల్లకి మాంసం గుచ్చి కాల్చడం లాంటి తెలివితేటలు అసలు వద్దు. జీడిగింజల పెంకులో నూనె ఉంటుంది, ఆ పొగకి కళ్లూ చర్మమూ మండిపోతాయి. కోరింగ వైపు మడ అడవుల్లో తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, అది ఎండినా దాని దగ్గరికి వెళ్లకండి. వెదురు గణుపులు మూసి ఉండగా మంటలో వేస్తే తూటాల్లా పేలతాయి, చీల్చి వేయండి. బొంగులో చికెన్ పేలదేం అని అడుగుతారు కొందరు. ఆ బొంగుకి ఒక మూతి తెరిచి ఆకు కుక్కుతారు కదా, ఆవిరి అటు పోతుంది. పచ్చి బొంగు కాబట్టి లోపలిది ఉడికేదాకా పైనే మాడుతుంది.

నేల మీద పడున్న పుల్ల మంచు తాగి ఉంటుంది. కొమ్మకే ఎండి వేలాడుతున్నది, పొదలో చిక్కుకుని నేల తగలనిది ఏరండి. ఏరినవాటిని నాలుగు కుప్పలు పెట్టండి: అగరుబత్తి మందం, పెన్సిలు మందం, బొటనవేలి మందం, మణికట్టు మందం. మొదటి రెండు కుప్పల్లో జనం పొదుపు చేస్తారు, అక్కడే చెడుతుంది. అగరుబత్తి మందం చిదుగులు రెండు చేతులకీ నిండుగా ఒక కట్ట, పెన్సిలువి రెండు కట్టలు ఉండాలి. లేకపోతే అగ్గిపెట్టె జేబులోనే ఉంచుకోండి.

వాన పడి అన్నీ తడిసిపోయాయా? ఇక్కడ కత్తికి పని చెప్పాలి. మణికట్టు మందం ఎండు తుమ్మ కర్ర, చెట్టుకే ఎండినది, మూరెడు ముక్క చేయండి. దుంగ మీద నిలబెట్టి, పైకొన నడుమ కత్తి అంచు ఆనించి, కత్తి మొద్దు అంచు మీద ఇంకో కర్రతో కొట్టండి. కత్తి దిగుతుంది, కర్ర రెండుగా విడుతుంది. దాన్నే మళ్లీ నాలుగుగా, ఎనిమిదిగా చీల్చండి. పైన బెరడు తడిసి ముద్దయినా లోపల చేవ గరగరలాడుతూ పొడిగా ఉంటుంది, చెంపకి ఆనిస్తే తెలుస్తుంది. ఆ చీలికల్లోంచి పదును మూల ఉన్నది ఒకటి తీసుకుని, దుంగకి ఏటవాలుగా ఆనించి, ఆ మూల మీద కత్తిని పైనుంచి కిందికి మెల్లగా జార్చండి. కత్తి నొక్కకూడదు, పడుకోబెట్టి జార్చాలి. పల్చటి పొర చుట్ట చుట్టుకుంటూ దిగుతుంది. చివరిదాకా పోనీయకుండా ఆపండి, పొర కర్రకే వేలాడాలి. కర్రని కొంచెం తిప్పి దాని పక్కన ఇంకోటి లేపండి. ఇలా ఒక్కో కర్రకి గుప్పెడు చుట్టలు, అలాంటి కర్రలు అయిదారు. ఒక్క పుల్లతో అంటుకుంటాయి, కింద కర్ర మిగిలి మంటని పట్టి ఉంచుతుంది. తుమ్మ గట్టిది, చేయి నొప్పెడితే మామిడో సరుగుడో చూసుకోండి.

అంటించడానికి మన ఇళ్లలో ఉన్నంత మంచి సరుకు ఏ దుకాణంలోనూ లేదు: కర్పూరం. చిన్న డబ్బాలో నాలుగు బిళ్లలు జేబులో ఉంటే చాలు. కొబ్బరి పీచు విడదీసి పిచ్చిక గూడులా చేసి నడుమ ఒక బిళ్ల పెట్టండి. చెకుముకి రాయి, ఉక్కు ముక్క, బూరుగు దూదితో నిప్పు తీసిన తాతలున్నారు. రావి, జమ్మి కర్రల అరణి మథించి అగ్ని పుట్టించే సోమయాజులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి ఓపికా అభ్యాసమూ ఉన్నాయి, మీకు అగ్గిపెట్టె ఉంది. పెట్రోలు మాత్రం వద్దే వద్దు. మండేది దాని ఆవిరి, అది నేల మీద పాకి మీ కాళ్ల దాకా వచ్చి ఉంటుంది, మీకు కనపడదు.

పేర్చడం ఇలా. తడినేల అయితే బొటనవేలి మందం పుల్లలు నాలుగైదు పక్కపక్కన పరిచి అరుగులా చేయండి. మణికట్టు మందం కర్ర ఒకటి అడ్డంగా పెట్టండి, గాలి ఎటునుంచి వస్తోందో అటు నోరు తెరిచి ఉండాలి, కర్ర అవతలి వైపు ఉండాలి. కర్రకి ఇవతల పీచు గూడు, దాని మీదుగా చిదుగుల కట్ట కర్రకి ఏటవాలుగా ఆనించండి. అదిమి పెట్టకండి, సందుల్లోంచి అవతల వెలుతురు కనిపించాలి. గాలి వచ్చే వైపు కూర్చుని, మీ ఒళ్లే అడ్డం పెట్టి, పుల్ల గీసి తల కిందికి వంచి గూడు అడుగున అంటించండి. మంట పైకి పోతుంది కాబట్టి పైన అంటిస్తే కాలేదేమీ ఉండదు.

చిదుగులు చిటచిటలాడాక పెన్సిలు పుల్లలు గుప్పెడు, వాటిలోంచి మంట తలెత్తాక మరో గుప్పెడు. తొందరపడి మొద్దు పడేయకండి. మంట తగ్గుతోందనిపిస్తే పైన విసరడం కాదు, కింద ఊదాలి. ఊదుగొట్టం లేకపోతే బొప్పాయి ఆకు కాడ కోసుకోండి, లోపల బోలుగా ఉంటుంది. దాని కొన ఎర్రటి కణికకి బెత్తెడు దూరంలో పెట్టి, సన్నగా, పొడుగ్గా, ఆగకుండా ఊదండి. బుస్సుమని ఊదితే బూడిద మీ మొహాన కొడుతుంది.

వంటకైతే మూడు రాళ్ల పొయ్యి కంటే గాడిపొయ్యి నయం. పెళ్లివంటలవాళ్లు గుండిగల కింద తవ్వేదే, చిన్నది చేసుకుంటాం. గాలి వాలున జానెడు వెడల్పు, జానెడు లోతు, రెండు మూరల పొడవు గాడి తవ్వండి. గాలి వచ్చే వైపు కొనని ఏటవాలుగా నేలకి కలపండి, గాలీ కట్టే రెండూ అటునుంచే లోపలికి పోతాయి. గిన్నె గాడికి అడ్డంగా పెట్టి, కింద మూడు చిన్న రాళ్లు ఉంచి వేలు దూరేంత సందు ఇవ్వండి, లేకపోతే పొగ వెళ్లే దారిలేక మంట ఆరిపోతుంది. గోడల మట్టి వేడెక్కాక కట్టె సగం పడుతుంది. పొడుగు కట్టెలు నరకనక్కర్లేదు, కొనలు కాలేకొద్దీ ఎగదోసుకుంటూ పోవడమే. అన్నం పొంగు వచ్చాక రెండు కట్టెలు వెనక్కి లాగితే మంట తగ్గుతుంది. గ్యాసు పొయ్యి మర కంటే ఏం తక్కువ?

చలికాచుకునే నెగడుకి కూడా ఎగదోయడమే సూత్రం. నాలుగైదు దుంగల కొనలు నడుమకి చేర్చి, తోకలు బయటికి ఉంచండి. పొలం కాపలా వాళ్లు ఒక మొద్దుతో రాత్రంతా గడిపేది ఇలాగే. మోకాలెత్తు మంట చాలు, దగ్గరగా కూర్చోవచ్చు. అవతల వైపు నడుమెత్తు రాళ్లో పచ్చి దుంగలో గోడలా పేరిస్తే అటు పోయే సెగ మీ వైపు తిరుగుతుంది. మీ వీపు వెనక బండ ఉంటే ఇంకా మంచిది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. గుడారంలో వెచ్చగా ఉంటుందని నిప్పులు బొచ్చెలో వేసుకుని లోపల పెట్టుకోకండి. పొగ లేదు కదా అనుకుంటారు. కణికల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. కుంపటికీ ఇదే మాట.

ఆర్పేటప్పుడు మట్టి కప్పేసి లేచిపోవడం చాలామందికి అలవాటు. గ్యాసు, అగ్గిపెట్టె అందరికీ లేని రోజుల్లో మా నాయనమ్మ రాత్రి పొయ్యిలో కణికల మీద బూడిద కప్పి పడుకునేది, పొద్దున్నే దాన్ని తోసి పిడక ముక్క ఆనించి ఊదితే మంట వచ్చేది. నివురుగప్పిన నిప్పంటే అదే కదా. మీరు మట్టి కప్పి చేస్తున్నది కూడా నిప్పుని పొద్దుటిదాకా దాచిపెట్టడమే. కట్టెలు విడదీసి, బకెట్టు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కర్రతో కలియబెట్టండి. కాలని కొనల అడుగున కూడా పోయండి. బుసబుసలు ఆగాక ముందు చేయి పైన ఉంచి చూడండి, సెగ లేకపోతే వేళ్లు లోపలికి పోనిచ్చి చూడండి. ఎక్కడైనా వెచ్చగా తగిలితే ఇంకో బకెట్టు. గాడి తవ్వినప్పుడు పక్కన పెట్టిన మట్టీ గడ్డి పెళ్లలూ చల్లారాకే వెనక్కి వేసి తొక్కండి.