దొరగారికి పని నేర్పడం: మొండి పిల్లితో వేగుతున్నవాళ్ళ కోసం

మా పిల్లి దొర తెల్లవారుజామున నాలుగున్నరకి స్టీలు గ్లాసు కింద పడేస్తాడు. పొరపాటున కాలు తగిలి పడటం కాదండీ. హాల్లో అలమర మీదకెక్కి, గ్లాసు పక్కన కుదురుగా కూర్చుని, కుడి చెయ్యి ఒక్కటే చాపి అంగుళం అంగుళం చొప్పున అంచు దాకా జరుపుతాడు, అంచుకి రాగానే ఆగి మంచం మీద ఉన్న నా వైపు చూస్తాడు, నేను కదల్లేదని ఖాయం చేసుకున్నాక అప్పుడు తోస్తాడు. మొజాయిక్ గచ్చు మీద స్టీలు గ్లాసు పడి దొర్లితే గుంటూరు బ్రాడీపేటలో మా లైనంతా లేవాల్సిందే. నేను లేచి, నాలుగు తిట్టి, ఆ తిట్లు తిడుతూనే గిన్నెలో గుప్పెడు క్యాట్‌ఫుడ్ పోసి మళ్ళీ పడుకోవడం. ఎనిమిది నెలలు ఇదే భాగోతం.

"పిల్లిని బాగా చెడగొట్టారమ్మా" అంటారు కింద వాటా పిన్నిగారు. ఆలోచిస్తే ఇందులో ట్రైనింగ్ అయింది పిల్లి కాదు, నేను. గ్లాసు పడితే లేవాలి, లేస్తే గిన్నె నింపాలి అని వాడు నాకు నేర్పాడు, నేను చక్కగా నేర్చుకున్నాను.

మొండి పిల్లి అంటే బుర్రలేని పిల్లి కాదు, లెక్క బాగా వచ్చిన పిల్లి. ఏ పని చేస్తే ఏం గిట్టుబాటవుతుందో దానికి కంఠతా వచ్చు. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ ఆకలిమీదున్న పిల్లుల్ని చెక్కపెట్టెల్లో పెట్టి, తిండి బయట పెట్టి చూశాడు. లోపల తాడు లాగితేనో మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. మొదటిసారి పిల్లి గీరి, కొరికి, నానా యాగీ చేస్తే ఎప్పటికో పొరపాటున మీట మీద చెయ్యి పడేది. మళ్ళీ మళ్ళీ పెట్టగా పెట్టగా ఆ పనికిరాని యాగీ తగ్గిపోయి, పెట్టగానే నేరుగా మీట దగ్గరికే వెళ్ళేది. మా వెనక గది తలుపు హ్యాండిల్‌కి వేలాడి తలుపు తీయడం దొర నేర్చుకున్నదీ అలాగే, మేమెవ్వరం నేర్పలేదు. కాబట్టి నేర్చుకునే శక్తి గురించి దిగులొద్దు. కుక్కయితే మీ "శభాష్"కి కూడా పని చేస్తుంది. పిల్లి దగ్గర అరువు బేరం లేదు, రొక్కమే.

ఆ రొక్కం ఏమిటో ముందు తేల్చుకోండి. ఉప్పు, పసుపు ఏదీ వెయ్యకుండా ఉడికించిన చికెన్, ముళ్ళు తీసిన చేప, మామూలుగా తినే క్యాట్‌ఫుడ్, కడిగి నానబెట్టి ఉప్పు పోగొట్టిన ఎండు రొయ్య, అన్నీ ఒక పళ్ళెంలో దూరదూరంగా పెట్టి దేని దగ్గరికి మొదట వెళ్తుందో చూడండి. స్థానాలు మార్చి ఇంకోసారి చూడండి. మా వాడికి చికెన్ అయితే ఇష్టం, ఎండు రొయ్య అయితే పిచ్చి. అందుకని మామూలు పనులకి చికెన్, గడ్డు పనులకి రొయ్య. ముక్క శనగబద్దంత ఉంటే చాలు, పెద్ద ముక్క పెడితే నాలుగు ముక్కలకే కడుపు నిండి "ఇక సెలవు" అని పోతుంది. రోజు మొత్తం తిండిలో ఈ తాయిలాలు పదో వంతు దాటకూడదు, ఆ మేరకు భోజనంలో తగ్గించండి.

మన ఇళ్ళలో చేసే తప్పులు రెండు మూడున్నాయి, ఇక్కడే చెప్పేస్తా. కూరలో ముక్క తీసి కడిగి పెట్టడం అందులో పెద్దది. గుంటూరు కారం సంగతి అందరికీ గుర్తుంటుంది గానీ దానికంటే ప్రమాదం ఉల్లి, వెల్లుల్లి. అవి పిల్లి రక్తంలోని ఎర్ర కణాల్ని దెబ్బతీస్తాయి, కడిగినంత మాత్రాన కూరలోకి దిగిన రసం పోదు. రెండోది పాలు. పిల్లంటే పాలు అని చిన్నప్పటి నుంచి మనకి నూరిపోశారు, కానీ పెద్ద పిల్లుల్లో చాలా వాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇక తీపి. పిల్లికి తీపి తెలియదు, తీపిని పసిగట్టే జన్యువు వాటిలో పనిచేయదని 2005లోనే తేల్చారు. మా అమ్మ బొబ్బట్టు ముక్క చూపించి "రా నాన్నా" అని పిలిచేది, వాడు వచ్చి నెయ్యి నాకి వెళ్ళిపోయేవాడు.

రొక్కం తేలాక ఒక శబ్దం కావాలి. పిల్లి సరైన పని చేసిన క్షణానికీ మీరు ముక్క నోటికందించే క్షణానికీ మధ్య రెండు మూడు సెకన్లు పోతాయి, ఆలోపు అది తల తిప్పి బల్లిని చూస్తుంది, బల్లిని చూసినందుకే ముక్క వచ్చిందనుకుంటుంది. అందుకని పని చేసిన క్షణంలోనే "టిక్కు"మనిపించాలి, ముక్క తర్వాత ఇవ్వొచ్చు. క్లిక్కర్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతారు, నేను కొనలేదు. కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్న రేకు కప్ప బొమ్మ, నొక్కితే టిక్‌టిక్‌మనేది, ఇంట్లో పడుంది, అదే వాడాను. నొక్కే బాల్‌పెన్నైనా సరిపోతుంది. మొదటి రెండు రోజులు ఏ పనీ అడగొద్దు: టిక్కు, ముక్క, టిక్కు, ముక్క, పూటకి పదిసార్లు. టిక్కు వినగానే పిల్లి మీ చెయ్యి వైపు చూసిందంటే ఖాతా తెరిచినట్టే.

వేళ కూడా చూసుకోవాలి. తిండికి ముందు, తెల్లవారి గానీ దీపాలు పెట్టే వేళ గానీ. పిల్లులు సహజంగా హుషారుగా ఉండేది ఆ రెండు పూటలే. మే నెల మధ్యాహ్నం రెండింటికి మన ఎండల్లో మనమే పలకం, దాన్నేం అడుగుతాం. మూడు నిమిషాలు చాలు. అది లేచి పోకముందే మీరు లేవాలి, ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే క్లాసు ఎప్పుడు అయిపోవాలో అది నిర్ణయించిందంటే మళ్ళీ పాత కథే.

మొదటి పాఠం కూర్చోవడం. ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని పిల్లి ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా తల మీదుగా వెనక్కి తీసుకెళ్ళండి. ముక్కు ముక్కని వెంబడిస్తూ పైకి లేస్తుంది, మెడ వెనక్కి వంగుతుంది, ఇక వంగడానికి చోటు లేక పిరుదులు నేలకి ఆనతాయి. ఆనిన క్షణంలో టిక్కు. చెయ్యి మరీ ఎత్తితే వెనక కాళ్ళ మీద నిలబడి మీ వేళ్ళు పీకుతుంది (నా చూపుడు వేలి మీద గీత ఇంకా ఉంది). వెనక్కి నడిచి తప్పించుకుంటుంటే గోడ మూలన మొదలుపెట్టండి. చేత్తో నడుం మీద నొక్కి కూర్చోబెట్టాలని మాత్రం చూడొద్దు, నొక్కితే ఎదురు లేవడం దాని నైజం. దొర మొదటి రోజు రెండుసార్లు కూర్చున్నాడు, రెండో రోజు అస్సలు కూర్చోకుండా నా మొహం చూస్తూ పడుకున్నాడు, నాలుగో రోజు నేను వంటింట్లోకి రాగానే ఎవరూ అడక్కుండానే వచ్చి కూర్చుని కప్ప వైపు చూశాడు. అలా అడక్కుండా చేసేటప్పుడు "కూర్చో" అనే మాట జోడించాలి. మాట ముందు నేర్పి పని తర్వాత రాబట్టాలనుకుంటే గొంతు నొప్పి తప్ప ఏమీ మిగలదు.

పేరు సంగతి. పిలిస్తే వినపడనట్టు కూర్చుంటుంది కదా, వినపడుతుంది. టోక్యోలోని సోఫియా విశ్వవిద్యాలయానికి చెందిన అత్సుకో సైతో బృందం 2019లో అచ్చేసిన పరిశోధనలో, పిల్లులు పేరులాగే వినిపించే వేరే మాటల మధ్య తమ పేరుని గుర్తుపడతాయని తేలింది. కాకపోతే చెవి తిప్పుతాయి, తల తిప్పుతాయి, లేచి రావడం మాత్రం అరుదు. రావాలంటే రావడానికి కారణం ఉండాలి. పేరు పిలిచి ముక్క పెట్టండి, రెండడుగుల దూరం నుంచి మొదలుపెట్టి గది దాటే దాకా. పేరు పిలిచి స్నానం చేయించడం, పేరు పిలిచి మాత్ర మింగించడం, పేరు పెట్టి తిట్టడం మానేయండి. మా ఇంట్లో "దొరా" అంటే ముక్క, "ఒరేయ్" అంటే తిట్టు. రెండూ వాడికి తెలుసు.

తిట్లు, దెబ్బలు, నీళ్ళు చిమ్మడం గురించి అడుగుతారు. తెలుగువాళ్ళకి తెలిసిన మొట్టమొదటి పిల్లి ట్రైనర్ తెనాలి రామకృష్ణుడే, మనకి పక్క ఊరే. పిల్లిని పెంచమని రాజుగారు ఆవునిస్తే, కాగే పాలు ఒక్కసారి పెట్టి, తర్వాత పాలగిన్నె కనపడితేనే పిల్లి పారిపోయేలా చేసి పాలన్నీ తనే తాగాడని కథ. నిజంగానే భయం అంత తొందరగా పని చేస్తుంది, కానీ గమనించండి, అక్కడ పిల్లి నేర్చుకున్నది మర్యాద కాదు, గిన్నె చూస్తే పరుగెత్తడం. మీరు నీళ్ళు చిమ్మితే అది "సోఫా గీరకూడదు" అని నేర్చుకోదు, "ఈ మనిషి ఇంట్లో ఉండగా గీరకూడదు" అని నేర్చుకుంటుంది. పొయ్యి గట్టు మీదకి మీరు లేనప్పుడు చూసి ఎక్కే పిల్లులన్నీ ఈ బడిలో చదివినవే.

గట్టు విషయంలో మాకు పనిచేసింది ఇది: కిటికీ పక్కన గట్టంత ఎత్తు స్టూలు వేశాం. స్టూలెక్కితే టిక్కు, ముక్క. గట్టెక్కితే ఏమీ లేదు, మాట కూడా లేదు, ఎత్తి కింద పెట్టడమే. చేపలు కడిగిన గిన్నె గట్టు మీద వదిలేశారా, ఆ రోజు పిల్లిది తప్పు కాదు. సోఫాకి కూడా ఇదే పద్ధతి. గోళ్ళు గీరడం దానికి సరదా కాదు, గోటి పై పొర రాల్చుకోవడం, పాదాల్లోని వాసన అంటించి తన చోటని గుర్తు పెట్టుకోవడం, దాన్ని ఆపలేం. పిల్లి నిలువునా సాగినా అందనంత ఎత్తున్న కర్రకి కొబ్బరి తాడు గట్టిగా చుట్టి, ఊగకుండా సోఫా పక్కనే నిలబెట్టండి. గది మూలన దాచిపెడితే ముట్టుకోదు. అడ్డంగా గీరే రకమైతే గోనెసంచి మడిచి నేల మీద వెయ్యండి.

ఇసుక తొట్టి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక్క పిల్లికి రెండు తొట్లు, రెండు మూడంగుళాల ఇసుక, తిండికి దూరంగా, రోజూ చిల్లుల గరిటెతో తీసేయడం (పాత గరిటె, అమ్మకి చెప్పి తీసుకోండి). తొట్టి పరిసరాల్లో ఫినాయిల్ వాడొద్దు. అలాంటి మందులు పిల్లులకి విషం, పాదాలకి అంటుకున్నది నాకేస్తాయి. సబ్బునీళ్ళు చాలు. బాగా అలవాటున్న పిల్లి హఠాత్తుగా బయట పోస్తుంటే అది మొండితనం అనుకోకండి. ముఖ్యంగా మగపిల్లి తొట్టిలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే మూత్రం అడ్డుపడినట్టు, తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. గోడల మీద చిమ్మడం వేరు, ఐదారు నెలలప్పుడు ఆపరేషన్ చేయిస్తే అది చాలావరకు తగ్గుతుంది. విజయవాడ వైపు వాళ్ళకి గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

ఇప్పుడు నాలుగున్నర గ్లాసు. గ్లాసులన్నీ అలమర లోపల పెట్టాం, కానీ వాడు దువ్వెన పడేశాడు, తర్వాత అమ్మ కళ్ళజోడు. ఎదురుగా ఏమీ లేకుండా ఖాళీ చేస్తే అరవడం మొదలుపెట్టాడు. సూత్రం తెలిసిందే: లేవకూడదు, పలకకూడదు, తిట్టకూడదు కూడా, తిట్టు కూడా దానికి జీతమే. మొదటి రెండు రోజులు గంట అరిచాడు, మూడో రోజు గంటన్నర. తగ్గేముందు పెరుగుతుంది, ఇది ప్రతి పిల్లీ చేసేదే, అక్కడ ఓర్చుకోవాలి. నాలుగో రోజు మా అమ్మ "పాపం నోరెండిపోతోందే" అని లేచి పెట్టేసింది. దాంతో మూడు రోజుల కష్టం బూడిదలో పోసినట్టయింది, పైగా నాలుగు రోజులు పట్టుబట్టి అరిస్తే గిట్టుతుందని కొత్త లెక్క నేర్చుకున్నాడు. ఇంట్లో అందరూ ఒక మాట మీద లేకపోతే మొదలుపెట్టకపోవడమే మేలు.

రెండోసారి అమ్మతో ఒప్పందం చేసుకున్నాకే దిగాం. రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాలు తాడుకి గుడ్డపీలిక కట్టి పరుగులు పెట్టించి, ఆ వెంటనే కడుపునిండా తిండి. వేట, తిండి, నిద్ర, ఆ వరస దాని ఒంట్లోనే ఉంది. పొద్దున లేవగానే గిన్నె నింపడం మానేశాం, నేను స్నానం చేసి కాఫీ తాగాకే తిండి. మనిషి లేవడానికీ గిన్నెకీ ముడి తెగిపోయింది. పదిహేను రోజులు పట్టింది. ఇప్పుడు ఆరింటికి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటాడు, అంతే. గ్లాసులు మాత్రం ఇంకా బయట పెట్టడం లేదు.

చివరికి బుట్ట. డాక్టర్ దగ్గరికి వెళ్ళే రోజే బుట్ట బయటికి తీస్తే, ఆ బుట్టంటే ఏమిటో పిల్లికి మీకంటే ముందు తెలుస్తుంది. మేం అమ్మ మార్కెట్‌కి తీసుకెళ్ళే మూత బుట్ట తీసుకుని, మూత తీసేసి హాల్లో పెట్టి, లోపల పాత చీర పరిచాం. మొదట బుట్ట ముందు ముక్క, తర్వాత అంచు మీద, తర్వాత లోపల చివర. లోపల కూర్చుని ప్రశాంతంగా తినడానికి తొమ్మిది రోజులు, మూత వేస్తే ఊరుకోవడానికి ఇంకో వారం, బుట్ట ఎత్తి గది చుట్టూ తిప్పితే ఊరుకోవడానికి నాలుగు రోజులు. ఇక్కడ ఎండు రొయ్యలన్నీ ఖర్చయ్యాయి. రేబిస్ టీకాకి తీసుకెళ్ళిన రోజు ఆటో హారన్లకి బెదరకుండా పైన తువ్వాలు కప్పాను. దారి పొడుగునా రెండుసార్లే అరిచాడు, అంతకుముందు ఏడాది గోనెసంచిలో తీసుకెళ్ళినప్పుడు నా చేతులకి వేయించుకున్న కట్లు గుర్తొచ్చాయి.

ఇంటికొచ్చాక బుట్ట మంచం కింద పెట్టేయకండి, తెరిచి అక్కడే ఉంచి అప్పుడప్పుడూ ఒక ముక్క వేస్తూ ఉండండి. మా వాడు ఇప్పుడు పగలంతా అందులోనే పడుకుంటున్నాడు. అమ్మ మార్కెట్‌కి కొత్త బుట్ట కొనుక్కుంది.