ఎయిర్-ఫ్యూయల్ రేషియో గేజ్: సరిగ్గా బిగించడం, అంకెను సరిగ్గా చదవడం

ఇంజన్‌లోకి వెళ్లే గాలి-పెట్రోలు మిశ్రమం చిక్కగా (పెట్రోలు ఎక్కువగా) ఉందో పలుచగా (గాలి ఎక్కువగా) ఉందో తెలుసుకోవడానికి ఒకప్పుడు మెకానిక్కులు స్పార్క్ ప్లగ్ విప్పి, దాని కొన రంగును బట్టి ఒక అంచనాకు వచ్చేవారు. ఇప్పుడు అదే సంగతిని ఎయిర్-ఫ్యూయల్ రేషియో గేజ్ అంకెల్లో చూపిస్తుంది. అయితే ఈ గేజ్ గాలినీ కొలవదు, పెట్రోలునూ కొలవదు. ఎగ్జాస్ట్ పైపులోని సెన్సర్ కాలిపోయిన వాయువులో మిగిలిన ఆక్సిజన్‌ను, లేదా కాలకుండా మిగిలిన ఇంధనాన్ని పూర్తిగా కాల్చడానికి ఎంత ఆక్సిజన్ తక్కువైందో దాన్ని గుర్తిస్తుంది. దాని ఆధారంగా కంట్రోలర్, అంటే సెన్సర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ భాగం, నిష్పత్తిని లెక్కగట్టి చూపిస్తుంది. గేజ్ చూపే తప్పుడు అంకెల్లో ఎక్కువ భాగానికి మూలం ఇక్కడే ఉంటుంది కనుక, బిగించేటప్పుడూ చదివేటప్పుడూ ఈ విషయాన్ని మరచిపోకూడదు.

1 గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఉన్న గాలిని కావలసిన గాలితో భాగిస్తే వచ్చేది లాంబ్డా, కనుక ఆ స్థితినే లాంబ్డా 1 అంటారు. పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిస్తే ఈ నిష్పత్తి దాదాపు 14.1కి, 20 శాతం కలిస్తే దాదాపు 13.5కి దిగుతుంది, ఇథనాల్ ఒక్కటే అయితే అది 9. సెన్సర్‌కు ఈ తేడాలేవీ తెలియవు. అది లాంబ్డానే గ్రహిస్తుంది, గేజ్ దాన్ని 14.7తో గుణించి చూపిస్తుంది. అందువల్ల ఇథనాల్ కలిసిన పెట్రోలు పోసినా, మిశ్రమం సరిగ్గా ఉన్నప్పుడు గేజ్ మీద 14.7 అనే కనబడుతుంది. గేజ్‌లో లాంబ్డా చూపే సదుపాయం ఉంటే దానికే అలవాటు పడటం మంచిదని నా అభిప్రాయం. అది లేకపోతే ఏ ఇంధనం పోసినా పెట్రోలు స్కేలులోనే చదువుతూ, లక్ష్యాలను కూడా ఆ స్కేలులోనే పెట్టుకోవాలి. ఇకపై ఈ వ్యాసంలో వచ్చే నిష్పత్తులన్నీ పెట్రోలు స్కేలువే.

కొనేముందు చూడవలసినది సెన్సర్ రకం. కార్లలో కంపెనీ నుంచే వచ్చే సాధారణ న్యారోబ్యాండ్ సెన్సర్ 0.1 వోల్టుకూ 0.9 వోల్టుకూ మధ్య ఊగుతూ, మిశ్రమం 14.7కు ఏ పక్కన ఉందో మాత్రమే చెబుతుంది. ఎంత దూరంలో ఉందో చెప్పలేదు. దానికి తగిలించే రంగు దీపాల గేజ్‌లు చూడటానికి బాగానే ఉంటాయి గానీ ట్యూనింగ్‌కు, అంటే ఇంధనాన్ని సరిచేయడానికి, పనికిరావు. ట్యూనింగ్‌కు ఆ దూరాన్ని కూడా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ కావాలి. గేజ్ కిట్లలో తరచుగా కనిపించేవి బాష్ ఎల్ఎస్‌యూ 4.2, ఎల్ఎస్‌యూ 4.9 సెన్సర్లు. 4.2 సెన్సర్‌ను అప్పుడప్పుడు శుభ్రమైన గాలిలో ఉంచి క్యాలిబ్రేట్ చేయాలి, 4.9 వాడే కిట్లలో చాలావాటికి ఆ అవసరం ఉండదు. ఈ విషయంలో కిట్‌తో వచ్చిన పుస్తకం ఏం చెబితే అదే చేయాలి. సెన్సర్ తీగను మాత్రం కత్తిరించి పొడిగించకూడదు, దాని కనెక్టర్‌ను తీసేయకూడదు. ఆ సెన్సర్‌కు తగినట్టుగా ఫ్యాక్టరీలో సరిచేసిన రెసిస్టర్ ఆ కనెక్టర్ లోపలే ఉంటుంది. పొడవు చాలకపోతే సెన్సర్‌కూ కంట్రోలర్‌కూ మధ్య వాడే ఎక్స్‌టెన్షన్ హార్నెస్ కిట్ తయారీదారు దగ్గరే తీసుకోవాలి.

సెన్సర్‌కు చోటు ఎంచుకోవడం

ఈ పని మొత్తంలో ఎక్కువ ఆలోచన అడిగేది ఇదే. టర్బో లేని ఇంజన్‌లో సిలిండర్ హెడ్ నుంచి సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో, పైపులన్నీ ఒకటిగా కలిసిన తర్వాత, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు (ఎగ్జాస్ట్‌లోని హానికర వాయువులను తగ్గించే భాగానికి) ముందు సెన్సర్ ఉండాలి. టర్బో ఉంటే టర్బోకు ముందు పెట్టకూడదు. అక్కడి వేడీ పీడనమూ రీడింగ్‌ను చెడగొట్టడమే కాక సెన్సర్ ఆయుష్షునూ తగ్గిస్తాయి. టర్బో దాటాక సుమారు 90 సెంటీమీటర్ల దూరం సురక్షితం. మరీ దగ్గరగా పెడితే సెన్సర్ అతిగా వేడెక్కుతుంది. పైపు చివర పెడితే, ముఖ్యంగా ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజన్ ఊరకే తిరిగేటప్పుడు), బయటి గాలి వెనక్కు చొరబడి లేని పలుచదనాన్ని చూపిస్తుంది. కన్వర్టర్ తర్వాత పెట్టినా లాభం లేదు, ఎందుకంటే మిగిలిన ఆక్సిజన్‌ను కొంతవరకు అదే వాడేసుకుంటుంది.

పైపు చుట్టుకొలతలో కూడా చోటు ముఖ్యం. సెన్సర్ కొన కిందికి చూస్తూ, తీగ ఉన్న చివర అడ్డగీతకు కనీసం 10 డిగ్రీలు పైకి లేచి ఉండాలి. గడియారం ముఖంతో పోల్చుకుంటే 10 గంటలకూ 2 గంటలకూ మధ్య ఎక్కడైనా పెట్టవచ్చు, కానీ సరిగ్గా 12 దగ్గర పెడితే కింది నుంచి వేడి నేరుగా తగులుతుంది కనుక కాస్త పక్కకు జరపడం మేలు. పైపు అడుగున ఎప్పుడూ పెట్టకూడదు. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు పైపులో నీటి బిందువులు చేరతాయి, 4.9 సెన్సర్ లోపలి పింగాణీ దాదాపు 780 డిగ్రీల సెల్సియస్ వేడి మీద పనిచేస్తుంది, దాని మీద ఒక్క చుక్క పడినా పగుళ్లు రావచ్చు.

చోటు గుర్తించాక బ్యాటరీ తీగలు విప్పి, రంధ్రం చేసి, 18 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 పిచ్ మరలు ఉన్న బంగ్‌ను (సెన్సర్ బిగించే లోహపు కడియాన్ని) వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్ వేడికి మరలు వంకర పోకుండా ఆ సమయంలో బంగ్‌లో ఒక ప్లగ్‌నో పాడైపోయిన సెన్సర్‌నో బిగించి ఉంచాలి. కొత్త సెన్సర్‌ను మాత్రం ఆ దరిదాపులకు రానివ్వకూడదు. లోపల మిగిలిన ఇనుప రజను తుడిచి, సెన్సర్ మరలకు మాత్రమే, అవి పట్టేయకుండా, యాంటీ-సీజ్ పూసి, కొనకు అంటకుండా 40 నుంచి 60 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించాలి. కొత్త సెన్సర్లలో చాలావాటికి ఆ పూత ముందే ఉంటుంది. కంపెనీ సెన్సర్‌ను తీసి ఆ చోట వైడ్‌బ్యాండ్ పెట్టాలనే ఆలోచన సులువుగా అనిపిస్తుంది కానీ, కంట్రోలర్ న్యారోబ్యాండ్ సంకేతాన్ని అనుకరించి ఈసీయూకు (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కు) ఇవ్వగలిగితేనే అది సాధ్యం.

వైరింగ్

సెన్సర్ లోపలి హీటర్ మొదటి నిమిషంలో కొన్ని ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. కాబట్టి రేడియో తీగకో లైటు తీగకో తగిలించకుండా, ఇగ్నిషన్ తాళంతో పనిచేసే రిలే ద్వారా, కిట్ చెప్పిన సామర్థ్యం గల ఫ్యూజ్‌తో విడిగా కరెంటు ఇవ్వాలి. తాళం తిప్పి చాలాసేపు ఊరకే ఉంచడం వల్ల తడి పైపులో సెన్సర్ ఎర్రగా కాగుతుంది, అది మంచిది కాదు. దానికన్నా చెడ్డది, హీటర్‌కు కరెంటు లేకుండా సెన్సర్‌ను పైపులో ఉంచి ఇంజన్ నడపడం. చల్లని సెన్సర్ మీద మసి పేరుకుని కొద్ది రోజుల్లోనే పాడవుతుంది.

గేజ్ నుంచి ఈసీయూకు గానీ రీడింగ్‌లను నమోదు చేసే లాగర్‌కు గానీ 0 నుంచి 5 వోల్టుల సంకేతం పంపుతున్నప్పుడు ఎర్త్ విషయంలో జాగ్రత్త అవసరం. 0 వోల్టులకు 10, 5 వోల్టులకు 20 చూపే గేజ్‌లో 0.1 వోల్టు తేడా వస్తే 0.2 నిష్పత్తి తప్పుతుంది. సిగ్నల్ ఎర్త్‌ను ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కు కలపాలి. హీటర్ ఎర్త్ ఏ తీగతో ఎక్కడ కలపాలో కిట్ పుస్తకమే చెబుతుంది. చివరికి గేజ్ ముఖం మీది అంకె, లాగ్‌లోని అంకె ఒకటేనా అన్నది ఇంజన్ నడుస్తుండగా పోల్చి చూసుకోవాలి. గేజ్‌ను ఎక్కడ బిగించాలన్నది మీ ఇష్టం. చూపును రోడ్డు మీది నుంచి ఎక్కువ మళ్లించకుండా కనబడితే చాలు.

అంకెను నమ్మే ముందు

ట్యూనింగ్ మొదలుపెట్టే ముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ కీళ్లన్నింటినీ సబ్బునీళ్లతో పరీక్షించాలి: పైపు చివర నుంచి కొద్దిపాటి గాలి ఊదుతూ, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూడాలి. ఎగ్జాస్ట్ ఎడతెగని ధార కాదు, తరంగాల్లా వస్తుంది. రెండు తరంగాల మధ్య పీడనం పడిపోయినప్పుడు చిన్న సందులోంచి కూడా బయటి గాలి లోపలికి వస్తుంది. ఒకసారి మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకును గుర్తించక, ఐడిల్‌లో గేజ్ 16 చూపిస్తోందని రెండు రోజులపాటు ఇంధనం పెంచుతూ పోయాను; ప్లగ్‌లు విప్పి చూస్తే నల్లని మసి కట్టి ఉన్నాయి. ఆనాటి నుంచి గేజ్ చెప్పినదానికీ ప్లగ్ చెప్పినదానికీ పొంతన కుదరనప్పుడు ముందు లీకునే వెతుకుతున్నాను.

మిస్‌ఫైర్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. ఒక సిలిండర్‌లో నిప్పురవ్వ పడకపోతే అందులోని ఆక్సిజన్ అంతా కాలకుండా బయటికి వస్తుంది, పెట్రోలు దండిగా ఉన్నా గేజ్ పలుచన అంటుంది. తీవ్రమైన క్యామ్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్) ఉన్న ఇంజన్లు ఐడిల్‌లో ఇలాగే తప్పుడు రీడింగ్ ఇస్తాయి. వాటిలో అంకెను పట్టుకుని వేలాడకుండా ఇంజన్ నిలకడగా తిరిగే చోటు చూసుకోవడం మేలు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి బండి దొర్లుతున్నప్పుడు ఈసీయూ ఇంధనాన్ని ఆపేస్తుంది కనుక గేజ్ పై కొసకు పోతుంది. అది లోపం కాదు. మరొక మాట: పైపులన్నీ కలిసే చోట ఉన్న సెన్సర్ సగటునే చెబుతుంది. నాలుగింటిలో ఒక ఇంజెక్టర్ మూసుకుపోయినా సగటు సవ్యంగానే కనబడవచ్చు.

ట్యూనింగ్

ఇంజన్ పూర్తిగా వేడెక్కాకే మొదలుపెట్టాలి. ఐడిల్‌లో 14 నుంచి 14.7, నిలకడ వేగంలో 14.7 నుంచి 15.5 వరకు, టర్బో లేని ఇంజన్‌కు పూర్తి థ్రాటిల్‌లో 12.5 నుంచి 13, టర్బో ఇంజన్‌కు పూర్తి బూస్ట్‌లో (టర్బో గాలిని పూర్తి ఒత్తిడితో నెట్టేటప్పుడు) 11 నుంచి 11.8 సాధారణంగా వాడే లక్ష్యాలు. పూర్తి లోడ్‌లో చిక్కని వైపు నుంచి కొంచెం కొంచెంగా పలుచన చేస్తూ రావాలే తప్ప, పలుచని వైపు నుంచి ఎప్పుడూ మొదలుపెట్టకూడదు. బూస్ట్‌లో ఉండగా అంకె 12.5 దాటిపోతోందంటే కారణం తర్వాత ఆలోచించవచ్చు, ముందు కాలు తీసేయాలి. లక్ష్యం సరిపోయినంత మాత్రాన నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు కాలడం) లేదని అర్థం కాదు. ఇగ్నిషన్ టైమింగ్ గురించి ఈ గేజ్ ఏమీ చెప్పదు.

సవరణ లెక్క సులువే: చూపిన అంకెను లక్ష్యంతో భాగించి, వచ్చినదానితో ఇంధనాన్ని గుణించాలి. ఈసీయూ ఇంధన పట్టికలోని ఒక గడిలో 60 ఉండి, అక్కడ గేజ్ 14.0 చూపుతూ, లక్ష్యం 12.8 అయితే, 60ని 1.094తో గుణించి 65.6 రాయాలి. కార్బొరేటర్‌లో, జెట్ (ఇంధనం వచ్చే సన్నని రంధ్రం ఉన్న ముక్క) మీది అంకె రంధ్రం వ్యాసాన్ని తెలిపేదైతే, ఆ గుణకానికి వర్గమూలం తీసుకోవాలి. ప్రవాహం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది గదా. 120 మెయిన్ జెట్ ఇదే ఉదాహరణలో సుమారు 125 అవుతుంది. చిన్న థ్రాటిల్‌కు పైలట్ జెట్, మధ్య థ్రాటిల్‌కు నీడిల్, పూర్తి థ్రాటిల్‌కు మెయిన్ జెట్ చూసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

వాయువు సెన్సర్ దాకా చేరడానికి కొంత సమయం పడుతుంది. లాగ్‌లో ఒక ఆర్‌పీఎం పక్కన కనబడే నిష్పత్తి నిజానికి కొద్ది క్షణం ముందటిది కనుక, థ్రాటిల్‌ను ఒకేచోట కొన్ని సెకన్లు నిలిపి తీసిన రీడింగ్‌లనే లెక్కలోకి తీసుకోవాలి. నడుపుతూ గేజ్ రీడింగ్‌లు రాసుకునే ప్రయత్నం చేయవద్దు. లాగ్ చేసుకుని బండి ఆపాక చదవండి, లేదా చదివే పని పక్కన కూర్చున్నవారికి అప్పగించండి. ఇంజన్ నిలబెట్టి నడిపే పరీక్షలు ఆరుబయటే చేయాలి.

సీసం కలిసిన ఇంధనం, సిలికోన్ సీలెంట్ ఆవిరి, ఇంజన్ కాల్చే ఆయిల్, లీకయ్యే కూలెంట్ సెన్సర్‌ను త్వరగా దెబ్బతీస్తాయి. అంకె మునుపటికన్నా మందకొడిగా కదలడం, శుభ్రమైన గాలిలో కూడా పలుచని కొసకు చేరకపోవడం దాని ముసలితనానికి గుర్తులు. ట్యూనింగ్ ముగిసి గేజ్ ఇక వాడబోమనుకుంటే, కరెంటు తీసేసి సెన్సర్‌ను పైపులోనే వదిలేయకుండా, దాన్ని విప్పి బంగ్‌కు ప్లగ్ బిగించాలి.