పాత సైనిక పిస్తోళ్లు: కొనేముందు లాక్ చదవడం నేర్చుకోండి

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర గడియారాలు బాగుచేస్తాను. పాత పిస్తోళ్ల మీద ఇష్టం ఆ పనిలోంచే పుట్టింది. చెకుముకి పిస్తోలు లాక్, అంటే దాన్ని పేల్చే యంత్రం, విప్పితే లోపల ఒక బలమైన స్ప్రింగ్, గాట్లు కోసిన ఇనుప ముక్క, ఆ గాటులో పడి ఆగే చిన్న నాలుక ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కగానే నాలుక గాటు వదులుతుంది, స్ప్రింగ్ హ్యామర్‌ను ముందుకు తోస్తుంది, దానికి బిగించిన రాయి ఉక్కు రేకును గీరి నిప్పురవ్వలు రాలుస్తుంది. వాచీ రిపేరు చేసేవాడికి ఇంతకంటే అందమైన యంత్రం ఇంకేం కావాలి!

నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది 'ఎక్కడ దొరుకుతాయి, ఎంతవుతుంది' అని. ఆ ప్రశ్న చివరికి ఉంచండి. ముందు చట్టం తెలియాలి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది. కానీ రిపేరు చేసినా సరే పేల్చడానికి పనికిరానివైతేనే. చాలామంది మొదటి ముక్క విని రెండోది వదిలేస్తారు. 'వందేళ్లు దాటింది, లైసెన్స్ ఎందుకు?' అనే అమ్మకందారుని నమ్మొద్దు. స్ప్రింగ్ పనిచేస్తూ, గొట్టం బాగున్న చెకుముకి పిస్తోలు ఈరోజు కూడా పేలగలదు. పనికిరాదని మీరో, అమ్మేవాడో అనుకుంటే సరిపోదు, అధికారుల నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. విడి లాక్, విడి గొట్టం కూడా చట్టం కింద ఆయుధ భాగాలే కావచ్చు. కాగితాలు లేని ఏ ముక్కనూ నేను బల్ల మీద పెట్టనివ్వను.

తాతల పెట్టెలో పిస్తోలు బయటపడితే ట్రిగ్గర్ లాగి చూడొద్దు, సంచిలో వేసుకుని బస్సెక్కొద్దు. ఉన్నచోటే ఉంచి పోలీస్ స్టేషన్‌కు చెప్పండి. పాత తుపాకీ మందు పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా అంటుకుంటుంది, నింపి అలాగే వదిలేసిన తుపాకులు బయటపడటం కొత్తేమీ కాదు. దీన్ని కనిపెట్టడానికి తెలిసినవాళ్లు సన్నని చెక్క పుల్లను గొట్టంలోకి మెల్లగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, అదే పుల్లను బయట గొట్టం పక్కన ఆనించి చూస్తారు. పుల్ల కొస నిప్పు రంధ్రం (గొట్టం అడుగున మందుకు నిప్పు అందే సన్నని రంధ్రం) దాకా రాలేదంటే లోపల ఏదో ఉన్నట్టే. ఆ పని మీరు చేయకండి, నిపుణుడికి వదిలేయండి.

ఇక చూడటం. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో ఒక పూట గడపండి. అన్నీ చూడొద్దు. ఒక్క పిస్తోలు ముందు నిలబడి దాని లాక్ బొమ్మ నోటుబుక్కులో గీయండి. గీస్తేనే కన్ను ఆగుతుంది.

మన ప్రాంతంవాళ్లు ఈస్టిండియా కంపెనీ గుర్తులతో మొదలుపెట్టడం మంచిది. నిజాం కొలువులో ఫ్రెంచి దళాన్ని నడిపిన రేమండ్ 1798లో చనిపోయాడు. అదే ఏడు బ్రిటిష్‌వాళ్లు ఆ దళం చేత ఆయుధాలు దింపించారు. ఆ తర్వాత హైదరాబాద్ రాజ్యంలో నిలిచింది కంపెనీ పలుకుబడే. లాక్ మీద నాలుగు గదులుగా చీల్చిన హృదయం గుర్తు, అందులో అక్షరాలు ఉంటే అది పాతది. సుమారు 1808 నుంచి దాని బదులు కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వ సైన్యం పిస్తోళ్ల మీదైతే కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, 'టవర్' అన్న మాట కనిపిస్తాయి. గుర్రపు దళం పిస్తోళ్లలో మందు దట్టించే కడ్డీని గొట్టం మూతి దగ్గర ఒక కీలుకు బిగించేవారు. గుర్రం మీద ఉన్న సిపాయి చెయ్యి జారినా కడ్డీ కింద పడదు.

1840 ప్రాంతంలో సైన్యాలు చెకుముకి వదిలి రాగి టోపీకి, అంటే హ్యామర్ దెబ్బకు పేలే మందు పెట్టిన చిన్న రాగి మూతకు, మారాయి. పాత లాకులను పారేయకుండా చాలావాటిని మార్చి వాడుకున్నారు. అక్కడ భూతద్దం పెట్టండి. ఉక్కు రేకు స్ప్రింగ్ బిగించిన స్క్రూ రంధ్రాలు పూడ్చిన చిన్న గుండ్రటి మచ్చలు లాక్ పలక మీద ఉంటాయి. వేలితో తెలియవు, ఏటవాలు వెలుతురులో తెలుస్తాయి. ఆ మచ్చలు కనబడ్డ ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఎవరో కమ్మరి ఆ రోజు చేసిన పని అలాగే నిలిచి ఉంది.

షోకేసుల కోసం కొత్తగా చేసిన నకిలీలను కూడా లాకే పట్టిస్తుంది. అక్షరాలు చెక్కినట్టు కాకుండా పోత పోసినట్టు మెత్తగా ఉంటాయి. హ్యామర్ వెనక్కి లాగితే సగంలో ఒకసారి, చివర ఒకసారి గట్టిగా ఆగాలి. నకిలీలో ఆ పట్టు ఉండదు. తుప్పు అంతటా ఒకే నారింజ రంగులో ఉంటే యాసిడ్ పూశారేమో అనుకోండి. అసలు పాతదనం ముదురు గోధుమ రంగు, చెయ్యి తగిలే చోట ఒకలా, మూలల్లో ఒకలా ఉంటుంది. దాన్ని సాండ్‌పేపర్‌తో మెరిపిస్తే విలువ, చరిత్ర రెండూ పోతాయి. పొడి గుడ్డతో తుడిచి ఇనుముకు పల్చగా నూనె రాస్తే చాలు. తోలు ఒరలో ఉంచొద్దు, తోలులోని ఆమ్లం ఇనుమును తింటుంది.

కొనాలనే తపన ఆగకపోతే తుపాకీ మందు పోసుకునే పాత కొమ్ములు, బెల్టు బకిల్స్, పాత డ్రిల్లు పుస్తకాలతో మొదలుపెట్టండి. వాటికి ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. వందేళ్లు దాటినవి 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, కాబట్టి విదేశాలకు పంపే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. ఏది కొన్నా అమ్మినవాడి పేరు, తేదీ, వస్తువు కొలతలు రాసిన బిల్లు తీసుకుని, ఫొటోతో కలిపి ఫైల్లో పెట్టండి.