గరువు భూమిలో డ్రెస్సాజ్: ఒక సీజన్ నడుపుకొచ్చే పద్ధతి

డ్రెస్సాజ్ అంటే గీసిన మైదానంలో, చెప్పిన చోట చెప్పిన కదలిక గుర్రం చేత చేయించి మార్కులు తెచ్చుకునే స్వారీ పోటీ. దానికి విదేశీ గుర్రం, మెత్తటి ఇసుక మైదానం, బోలెడంత డబ్బు ఉండాలంటారు. పై స్థాయికి వెళ్తే అవన్నీ కావాల్సిందే, కాదనను. కానీ కింది క్లాసుల్లో, రేసుల నుంచి రిటైరైన గుర్రంతో, విజయనగరం జిల్లా చీపురుపల్లి పక్క గరువు (మెట్ట) భూమిలో తయారై కూడా ఒక సీజన్ పరువుగా ఆడి రావచ్చు. నేను మీరట్‌లో సైన్యం జంతువుల్ని చూసుకునే రీమౌంట్ వెటర్నరీ కోర్‌లో గుర్రాల దగ్గర ఉద్యోగం చేసి ఊరొచ్చేసినవాణ్ణి. ఇప్పుడు మా దగ్గరున్నది గౌరి అనే ఆడగుర్రం, హైదరాబాద్ రేసుల్లో పరిగెత్తింది. స్వారీ చేసేది మా అన్నయ్య కూతురు, నేను కింద నిలబడి అరిచేవాణ్ణి. కింద రాసేదంతా ఇలాంటి గుర్రం, ఇలాంటి చోటు ఉన్నవాళ్ల కోసం.

ముందు మైదానం కొలవండి. చిన్న ఎరీనా 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. పెద్దది 20, 60. కింది క్లాసులకి చిన్నది చాలు. మూలలు సరిగ్గా కుదిరాయో లేదో తాపీ మేస్త్రీ చూసినట్టే చూడాలి: ఈ మూల నుంచి ఎదురు మూలకి టేపు పట్టండి, 44 మీటర్ల 72 సెంటీమీటర్లు రావాలి, రెండో వైపూ అంతే రావాలి. ప్రవేశం దగ్గర పొట్టి గట్టు మధ్యలో ఎ, ఎదురుగా జడ్జి కూర్చునే చోట సి. ఎ నుంచి లోపలికొచ్చేవాళ్లకి ఎడమ చేతి వైపు వరసగా కె, ఇ, హెచ్. కుడి చేతి వైపు ఎఫ్, బి, ఎం. మూల నుంచి మొదటి అక్షరానికి 6 మీటర్లు, అక్కడి నుంచి మధ్య అక్షరానికి 14, మళ్లీ 14, చివర 6. నట్టనడుమ ఎక్స్, దానికి గుర్తేమీ ఉండదు, కంటితోనే పట్టుకోవాలి. మేం పాత పెయింటు డబ్బాల మీద అక్షరాలు రాయించి పెట్టాం, గీతలు ముగ్గుపిండితో. డబ్బాల్లో సగం ఇసుక నింపండి, లేకపోతే మా వైపు గాలికి డబ్బా దొర్లి గుర్రం కాళ్ల కిందకే వస్తుంది.

ఇక అసలు సంగతి. పోటీలో చేయాల్సిన కదలికల వరసని టెస్టు అంటారు. అందులో ప్రతి కదలికకీ 0 నుంచి 10 వరకు మార్కు వేస్తారు, అరమార్కులూ ఉంటాయి. 5 అంటే అంతంతమాత్రం, 6 ఫరవాలేదు, 7 కొంచెం బాగుంది, 8 బాగుంది. మొత్తాన్ని శాతంలోకి మారుస్తారు. 260 మార్కుల టెస్టులో 156 వస్తే 60 శాతం. మన దగ్గరుండే ఇలాంటి గుర్రాలకి ట్రాట్ (చిన్న పరుగు) ఎంత బాగా చేయించినా 6 దగ్గర, మహా అయితే 6.5 దగ్గర ఆగుతుంది. ఎగిరెగిరి పడే ట్రాట్ వాటి ఒంట్లో ఉండదు. మార్కులు పెంచుకోగలిగేది నడకలో, మూలల్లో, ఆగడంలో, ఒక చాల్ (నడిచే, పరిగెత్తే తీరు) నుంచి ఇంకో చాల్‌లోకి మారడంలో. వీటికి పెద్ద గుర్రం అక్కర్లేదు, ఓపికుంటే చాలు. చాలా టెస్టుల్లో నడకకి రెండు రెట్ల మార్కులుంటాయి. అయినా జనం రోజంతా ట్రాట్ చేయించి, నడకని విశ్రాంతి కింద లెక్కేస్తారు!

నడక అంటే నాలుగు దెబ్బలు, అంటే గిట్టలు నేల మీద నాలుగుసార్లు విడివిడిగా పడే చప్పుడు. ట్రాట్ రెండు, క్యాంటర్ (నెమ్మది దౌడు) మూడు. వాన పడి ఆరుతున్న నేల మీద గుర్రాన్ని నడిపించి, దిగి అడుగులు చూడండి. ముందు గిట్ట పడిన చోటికంటే వెనక గిట్ట ముందుకు పడాలి. దానిమీదే పడుతోంటే పని జరగాలని అర్థం. వెనకే ఉండిపోతోంటే మాత్రం పగ్గాలు బిగపట్టారా, వీపు నొప్పి ఉందా, జీను సరిపోవడం లేదా, అన్నీ చూసుకోవాలి. పగ్గాలు బిగించి నడిపిస్తే నాలుగు దెబ్బలు కాస్తా రెండుగా కలిసిపోయి, ఒక పక్క కాళ్లు రెండూ ఒకేసారి కదిలే ఒంటె నడక వస్తుంది. అది ఒకసారి అలవాటైతే వదిలించడం మహా కష్టం. అందుకే గౌరికి ప్రతి పూటా పని మధ్యలోనూ చివరా పగ్గం వదిలేసి, మెడ కిందికి చాచనిచ్చి నడిపిస్తాం. చివరి భాగం ఎరీనాలో కాదు, చెరువు గట్టు మీద. అక్కడ దానంతటదే అడుగు పెద్దదవుతుంది.

రేసు గుర్రానికి ఇంకో చిక్కు. జాకీ పగ్గం పడితే దాని మీద ఆనుకుని ఇంకా పరిగెత్తడం దానికి నేర్పిన పాఠం. మీరు ఆపబోతే అది ఊపందుకుంటుంది. చేత్తో కుస్తీ పడితే మీరే ఓడిపోతారు, బరువు 450 కిలోలు. స్నాఫిల్ అనే మామూలు, మెత్తటి కళ్లెంతోనే ఉండండి, ఘాటైన కళ్లేల జోలికి పోకండి. మార్పులు చేయించండి: నాలుగైదు అడుగుల ట్రాట్, నడక, మళ్లీ ట్రాట్, ఆగు, ట్రాట్. ఆపేటప్పుడు ముందు మీ నడుము, ఊపిరి ఆగాలి, చెయ్యి చివర్న. ఆగిన మరుక్షణం చెయ్యి మెత్తబడాలి. అలా ఆపి వదిలేస్తూ పోతే కొన్నాళ్లకి గుర్రం మన కూర్చునే తీరుని వినడం మొదలెడుతుంది.

వృత్తం దగ్గర మార్కులు ఎలా పోతాయో దగ్గరగా చూద్దాం. ఎ దగ్గర 20 మీటర్ల వృత్తం అంటే అది ఎ నుంచి ఎక్స్ వరకు. పక్క గట్టుని అది తాకేది మూల నుంచి 10 మీటర్ల దగ్గర. కె, ఎఫ్ అక్షరాలు 6 మీటర్ల దగ్గరే ఉంటాయి కాబట్టి, వాటిని దాటాక ఇంకో 4 మీటర్లకి. కానీ నూటికి తొంభై మంది కె దగ్గరే గట్టుకి వెళ్లిపోతారు, మూలలోకి దిగిపోతారు, ఎక్స్ దాటి పోతారు. కోడిగుడ్డు ఆకారం వస్తుంది, 5 పడుతుంది. కె, ఎఫ్ దాటాక 4 మీటర్ల దగ్గర ఒక్కో ఇటుక పెట్టండి, ఎక్స్ మీద ఇంకొకటి. మా అమ్మాయి మొదటిసారి ఆ ఇటుకల మీదుగా తిప్పి, "చిన్నాన్నా, ఇంత చిన్నగా ఉంటుందా!" అంది. ఇటుకలు తీసేశాక కూడా అదే గీత మీద తిరిగితే అప్పుడు వృత్తం వచ్చినట్టు. మూల దగ్గర దీనికి ఎదురు: వృత్తం కానప్పుడు మూలలోకి పూర్తిగా వెళ్లాలి. అక్కడే గుర్రం సర్దుకుని తర్వాతి కదలికకి తయారవుతుంది.

టెస్టు మొత్తాన్ని రోజూ చేయించొద్దు. గుర్రాలకి జ్ఞాపకం ఎక్కువ, సి దగ్గర క్యాంటర్ అని తెలిస్తే హెచ్ దగ్గరే ఎగురుతాయి. ముక్కలు ముక్కలుగా, ఒక్కో చోట ఒక్కోటి మార్చి చేయించండి. మొత్తం టెస్టు కంఠతా రావాల్సింది మనిషికి. మా అమ్మాయి వాకిట్లో ముగ్గుతో ఎరీనా గీసి, ట్రాట్ అయితే గంతులేస్తూ, నడకైతే నడుస్తూ కాళ్లతో టెస్టు చేస్తుంది. పక్కింటివాళ్లు ఏమనుకుంటారో నాకు అనవసరం. కొన్ని పోటీల్లో బయట నుంచి ఎవరైనా చదివి వినిపించనిస్తారు, కొన్నిటిలో ఒప్పుకోరు. ఆ పోటీ రూల్స్ ముందే చూసుకోండి. తప్పు దారి పట్టినా మార్కులు కోస్తారు.

మన దేశంలో పోటీలు ఎక్కువగా చలికాలం చుట్టూ ఉంటాయి కాబట్టి లెక్క వెనక నుంచి వేసుకోవాలి. ఎండాకాలంలో తెల్లారకముందే జీను వేసి, ఎండెక్కక ముందే దింపేయాలి. మా కోస్తా ఉక్కలో కొన్ని గుర్రాలకి చెమట పట్టడమే ఆగిపోతుంది. ఒళ్లు పొడిగా ఉండి రొప్పుతోంటే ప్రమాదం. నీడలోకి తెచ్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూనే ఉండి, డాక్టర్ని పిలవండి. విశ్రాంతిలో ఉన్న గుర్రానికి ఊపిరి నిమిషానికి 8 నుంచి 16, గుండె 28 నుంచి 44, ఒంటి వేడి 37.5 నుంచి 38.5 సెల్సియస్. ఇవి పాక గోడ మీద సున్నంతో రాసి పెట్టుకోండి. వానల్లో గిట్ట అడుగున కుళ్లు పడుతుంది, రోజూ తీసి శుభ్రం చేయాలి. ఆ నెలల్లో మేం పొడుగు నడకలు, వాలు ఎక్కడం దిగడం పెట్టుకుంటాం, కండ పట్టేది అక్కడే. వానలు తగ్గుముఖం పట్టాక టెస్టు ముక్కలు. సరిగ్గా సీజన్ మొదలయ్యే వేళకి తుఫాన్లు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీని శ్రీకాకుళం మరిచిపోదు. రేకుల పాక అయితే గాలి హెచ్చరిక రాగానే గుర్రాన్ని గట్టి గోడల మధ్యకి మార్చేయండి, మేత ఎత్తు మీద పెట్టండి.

చప్పుడు అలవాటు కూడా తర్ఫీదులో భాగమే. దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. ఆ డప్పులకి, జనానికి మించిన పరీక్ష ఏముంది? గుర్రాన్ని జనంలోకి తీసుకెళ్లమని కాదు, అది పిచ్చి పని. మీ ఊరి పండగ మేళం దూరంగా వినిపించే చోట నిలబెట్టి, గడ్డి తినిపించండి. తింటోంటే సరే. తల ఎత్తి కదలకుండా ఉండిపోతే ఇంకొంచెం వెనక్కి తీసుకెళ్లండి.

మేత విషయంలో మా వైపు అందరూ చేసే పని ఒకటుంది: ఆవుకి పెట్టినట్టు తవుడు కుమ్మరించడం. తవుడులో భాస్వరం కాల్షియం కంటే పది రెట్లకి పైనే ఉంటుంది. రోజూ ఎక్కువగా పెడితే గుర్రం ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుంటుంది, దవడ ఎముకలు ఉబ్బుతాయి, కారణం తెలియని కుంటి వస్తుంది. నేపియర్ గడ్డి ఒక్కటే మేతగా పెట్టినా ఇదే గొడవ, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. వట్టి వరిగడ్డి మీద ఉంచితే కడుపులో అడ్డుపడి శూల రావచ్చు. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే శూల అంటే పరుగు పెట్టాల్సిందే. మేం గరిక కోయించి ఎండబెడతాం, 450 కిలోల గుర్రానికి రోజుకి ఎండు మేత 8, 9 కిలోలు. ఉడికించిన ఉలవలు కొద్దిగా, ఉప్పు గుప్పెడు, కాల్షియం డాక్టర్ చెప్పినంత. గరివిడిలో పశువైద్య కళాశాల ఉండడం మా అదృష్టం.

లాడాలకి ఎడ్ల లాడాలు కొట్టేవాళ్లని పిలవకండి. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, దాని లాడం రెండు ముక్కలు. గుర్రం గిట్టని చెక్కే పద్ధతే వేరు. ఆరేడు వారాలకోసారి తెలిసినవాళ్లతో చెక్కించాలి, దూరం నుంచి రప్పించాల్సి వచ్చినా సరే. పోటీకి వారం పది రోజుల ముందు అయిపోవాలి. ముందురోజు కొట్టిస్తే ఒక్క మేకు సున్నితమైన చోట తగిలినా ప్రయాణం వృథా.

ప్రయాణం ముందు కాగితాలు. ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పోటీ అయితే స్వారీ చేసేవాళ్లకీ గుర్రానికీ రిజిస్ట్రేషన్, టీకాలు రాసిన పాస్‌పోర్ట్. గ్లాండర్స్ అనే అంటురోగం లేదన్న రక్తపరీక్ష సర్టిఫికెట్ కోసం ముందుగానే తిరగండి. మందుల సంగతి కూడా అప్పుడే. నొప్పి తగ్గించే ఇంజెక్షన్లే కాదు, కొన్ని పైపూత మందులూ నిషేధం. 2008 ఒలింపిక్స్‌లో నాలుగు గుర్రాలు దొరికింది క్యాప్సైసిన్‌తో. అది మిరపకాయలో మంట పుట్టించే పదార్థమే. ఊళ్లో ఎవరో ఇచ్చిన సీసాలోని తైలం కాళ్లకి రాయకండి.

విజయనగరం నుంచి హైదరాబాద్ అయినా ఆరువందల కిలోమీటర్ల పైమాటే. లారీలో తాడు పొట్టిగా కట్టి తల ఎత్తి నిలబెడితే, ముక్కులోని దుమ్మూ చీమిడీ కిందికి దిగక ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం పట్టుకుంటుంది. నాలుగు గంటలకోసారి ఆపి, తాడు వదులు చేసి, తల కిందికి దించనివ్వండి, నీళ్లు చూపించండి. కొత్త ఊరి నీళ్లు కొన్ని గుర్రాలు ముట్టవు. ఇంటి దగ్గరే నీళ్లలో కాస్త బెల్లం కలిపి అలవాటు చేస్తే అక్కడా ఆ రుచికి తాగుతాయి. ఒకటి రెండు రోజుల ముందే చేరుకోండి.

పోటీ పూట వార్మప్‌లో కొత్త విద్యలు వద్దు. బాగా పొగరుగా ఉంటే నలభై నిమిషాలు, చల్లగా ఉంటే పాతిక చాలు, అందులో సగం నడకే. గంట కొట్టగానే టెన్షన్‌లో లోపలికి ఉరికేస్తారు. లోపలికి రావడానికి సాధారణంగా 45 సెకన్లు ఉంటుంది. గట్టు బయట చక్కగా తిరిగి, సి వైపు తిన్నగా చూసుకుని రండి. ఎక్స్ దగ్గర ఆగి, పగ్గాలు ఒక చేతిలోకి తీసుకుని, రెండో చెయ్యి పక్కకి వదిలి తల వంచండి. ఆ నిలబడ్డ రెండు మూడు క్షణాలు గుర్రం నాలుగు కాళ్ల మీద సమంగా ఉంటే జడ్జి అక్కడే ఒక అభిప్రాయానికి వచ్చేస్తాడు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా డ్రెస్సాజ్ జట్టు బంగారం తెచ్చినప్పుడు మాకూ ఫోన్లొచ్చాయి, మీ గౌరి ఎప్పుడు వెళ్తుందని. ఆ స్థాయి వేరు, ఏళ్ల తరబడి యూరప్‌లో తర్ఫీదైన జోడీలవి. ఆ వీడియోల్లోంచి మనం తీసుకోగలిగేది ఒక్కటే, మూలల్లో వాళ్లు ఎంత నిదానంగా ఉంటారో చూడండి.

మార్కుల కాగితం చేతికొచ్చాక ర్యాంకు తర్వాత, ముందు వరస వరసా చదవండి. 5 కింద పడినవి ఏవో, రెండు రెట్లవి ఏవో వేరే కాగితం మీద రాసుకోండి. ఒకే మాట మూడు కాగితాల్లో కనిపిస్తే, "వంకరగా వచ్చింది" అనో "తొందరపడింది" అనో, వచ్చే నెల పని అదే. ఇంటికొచ్చాక రెండు రోజులు జీను వేయకుండా చేత్తో పట్టుకుని నడిపించండి, కాళ్లు తడిమి వేడి ఉందేమో చూడండి. సీజన్ అయిపోగానే లాడాలు తీయించి, గరువులోకి వదిలేయండి. ఓ నెల వరకు ఎరీనా మొహం చూపించకండి.